వద్దుగారి చెడిపోయిన డిస్కు

అన్నయ్యను ఏది అడిగినా ముందు "వద్దు" అంటాడు. ప్రశ్న పూర్తయ్యేదాకా కూడా ఆగడు. అడిగింది ఏమిటో ఆ తర్వాత తీరిగ్గా తెలుసుకుంటాడు. వీధంతా ఆయనకు వద్దుగారని పేరు పెట్టింది, ముఖం మీదే పిలుస్తుంది. "వద్దుగారూ, బాగున్నారా?" అని ఎవరైనా పలకరిస్తే "వద్దు" అని రెండడుగులు ముందుకు వేసి, అప్పుడు వెనక్కి తిరిగి, "ఆ, బాగానే ఉన్నానండీ" అంటాడు.

మంగలి "మీసం తీసేయమంటారా?" అన్నప్పుడు ఆ మాట ఆయన్ను కాపాడింది, నిజమే. కానీ ఆ వెంటనే "చెవి పక్క సబ్బు తుడవమంటారా?" అన్నప్పుడు కూడా అదే మాట వచ్చింది. చెవి కింద తెల్లగా నురగ వేసుకుని ఇంటిదాకా నడిచి వచ్చిన మనిషిని చూసి, పక్కింటి పిల్లలు వారం రోజులు నవ్వుకున్నారు.

పెళ్ళయిన కొత్తలో వదిన కాఫీ గ్లాసు పట్టుకుని "కాఫీ కావాలా?" అని అడిగేది. "వద్దు" అనేవాడు. ఆవిడ తాగేసేది. కాసేపటికి ఈయన వంటింట్లోకి వచ్చి ఖాళీ గ్లాసు వంక దిగులుగా చూసేవాడు. అప్పటినుంచి వదిన ప్రశ్నలు మానేసింది. "కాఫీ బల్ల మీద ఉంది. చల్లారిపోతోంది" అని చెబుతుంది, అంతే. అసలు పెళ్ళి కూడా అలాగే అయిందట.

"నన్ను చేసుకుంటారా అని అడిగి ఉంటే ఈ జన్మకి నాకు మొగుడుండేవాడు కాదు. వచ్చే ఆదివారం మన పెళ్ళి, మంచి చొక్కా వేసుకురండి అని చెప్పా. వచ్చారు," అంటుంది వదిన.

నవ్వులాటగానే ఉంటుంది గానీ, ఆ వద్దు వెనక ఉన్నది మొండితనం కాదు, భయం. అన్నయ్య పని కంప్యూటర్లు బాగుచేయడం. ఆయన గుమ్మం ఎక్కేవాళ్ళందరూ ఒకే మాటతో ఎక్కుతారు. "ఏదో అడిగిందండీ. అవునని నొక్కాను." అంతే. చంటిబిడ్డ తొలి అడుగుల వీడియో పోయి ఉంటుంది, ఏళ్ళ తరబడి రాసుకున్న పరిశోధన పోయి ఉంటుంది. కుర్చీ అంచున కూర్చుని వాళ్ళు చేతులు నలుపుకుంటూ ఉంటే, అన్నయ్య వాళ్ళ మొహం చూడలేకపోయేవాడు. వాళ్ళు వెళ్ళాక ఆయనకు అన్నం సహించేది కాదు. కంప్యూటరు నోరు తెరిచి ఏదైనా అడిగిందంటే అది మన దగ్గరున్నదేదో లాక్కోవడానికే అని ఆయనకు నిశ్చయమైపోయింది. ఆ అలవాటు కంప్యూటరు దగ్గరనుంచి మనుషుల దాకా పాకింది.

అందుకే తన కంప్యూటరు నడపడానికి మాటిమాటికీ ప్రశ్నలడిగే విండోస్ పెట్టుకోడు, లినక్స్ వాడతాడు. తన డిస్కులన్నీ లినక్స్ పద్ధతిలోనే సర్దుకుంటాడు. చిక్కేమిటంటే, ఆ సర్దుబాటు విండోస్ కంప్యూటరుకు అర్థం కాదు. అర్థం కాలేదని ఒప్పుకుంటే గొడవే లేదు. అది అలా అనదు. "ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. ఫార్మాట్ అంటే లోపలున్నదంతా తుడిచేయడం. ఆ ప్రశ్న తలుచుకుంటేనే అన్నయ్యకు ఒళ్ళు జలదరిస్తుంది.

"చూడవే చెల్లీ, నాకు ఈ తాళం తీయడం రాదు, ఇల్లు పడగొట్టేయమంటారా అని అడిగేవాణ్ణి నువ్వు గుమ్మంలోకి రానిస్తావా?"

"రానివ్వను అన్నయ్యా."

"నీ దుకాణంలో ఉన్నది వాడే."

చెల్లెలిది రెండు వీధుల అవతల కుట్టు దుకాణం. కాగితం మీద బొమ్మ గీసి, దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి ఇస్తే, మిషను దానంతటదే దారాలు మార్చుకుంటూ గుడ్డ మీద కుట్టేస్తుంది. ఒకప్పుడు నాటకశాల పెద్ద తెరకు అంచు కుట్టమని ఆమెకు పని వచ్చింది. వానాకాలమంతా కూర్చుని కొంగల మందను గీసింది. నీళ్ళు, రెల్లుగడ్డి, ఆ గడ్డిలో కొంగలు. ఏ రెండు కొంగలూ ఒక్కలా ఉండవు. ఒకటి మెడ తిప్పి చూస్తుంటుంది, ఒకటి రెక్క కింద ముక్కు దూర్చుకుని ఉంటుంది. తెర వేలాడదీసిన రోజున అప్పటి మేనేజరు నలుగురి ముందూ దాన్ని చూసి, "ఇదేంటమ్మా, కొంగలకి ఒక్కో కాలే ఉంది? రెండో కాలికి దారం చాల్లేదా?" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఇంటికి వచ్చి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య ముందు నిలబడింది. ఆమె కంప్యూటరు అప్పుడు బాగుచేయడానికి ఆయన దగ్గరే ఉంది.

"అన్నయ్యా, నేను గీసినవన్నీ చెరిపేయి. ఒక్కటి కూడా మిగలకూడదు. ఇక నుంచి చొక్కాల మీద పేర్లు, సంచుల మీద గుర్తులు. అంతే నా పని."

చెప్పి అక్కడే నిలబడింది. ఆ వద్దు కోసమే రెండు వీధులు నడిచి వచ్చిందని ఆ క్షణంలో గాని ఆమెకు తెలియలేదు.

అన్నయ్య చేతిలోని స్క్రూ బిగించే పనిలోంచి తల ఎత్తకుండా, "సరే" అన్నాడు.

ఆ ఒక్క మాట ఆమె గుండెలో ముల్లులా దిగబడిపోయింది. కాఫీకి వద్దన్న మనిషి, ఆరోగ్యం అడిగితే వద్దన్న మనిషి, తన కొంగలకు మాత్రం సరే అన్నాడు! ఆ సంగతి ఆయనతో ఎప్పుడూ ఎత్తలేదు. ఏళ్ళు గడిచాయి. చొక్కాల మీద పేర్లు కుట్టుకుంటూ ఉండిపోయింది.

ఆ సరే అన్న కొన్నాళ్ళకే అన్నయ్య నల్లటి డిస్కు ఒకటి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. "చెడిపోయింది. పారేయబుద్ధి కాలేదు. గుడ్డ కత్తిరించేటప్పుడు జారకుండా బరువు పెట్టుకో."

"దీని తీగ ఏదీ?"

"చెడిపోయినదానికి తీగెందుకే?"

బరువుగా అది బాగానే పనికొచ్చింది. ఎప్పుడైనా టీ గ్లాసు కూడా దాని మీదే పెట్టేది. అలా పెట్టినప్పుడు అన్నయ్య ఉంటే "వద్దు!" అని గావుకేక పెట్టేవాడు. ఆయన దేనికి వద్దనడు గనక? ఏడాదికోసారి వచ్చి, "దుమ్ము దులిపి తెస్తా" అని దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి పెట్టేవాడు. చెడిపోయిన డిస్కుకు స్నానం చేయించే మనిషి ప్రపంచంలో ఈయనొక్కడే అని చెల్లెలూ వదినా చెప్పుకుని నవ్వుకునేవారు.

ఇలా ఉండగా ఒక ఉదయం అన్నయ్య ఎడమ కంట్లో నల్లటి నీడ ఒకటి పైనుంచి కిందికి దిగడం మొదలుపెట్టింది. కళ్ళ డాక్టరు పరీక్షించి, కంటి లోపలి పొర ఊడి వస్తోందన్నాడు.

"వెంటనే ఆపరేషన్ చేయాలి. చేయమంటారా?"

"వద్దు."

డాక్టరు నివ్వెరపోయాడు. వదిన అడ్డం వచ్చింది. "ఆయన్ని అడక్కండి డాక్టరుగారూ. చెప్పండి, చాలు."

"రేపు పొద్దున్న ఆపరేషన్," అన్నాడు డాక్టరు. అన్నయ్య వద్దనలేదు. ఇంటికి వచ్చి, భయంతో నిద్రపోకుండా, తన కంప్యూటరును స్క్రూ స్క్రూగా విప్పేసి ఆ స్క్రూలన్నీ జేబులో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. తను లేనప్పుడు అది ఎవరినైనా ఏదైనా అడుగుతుందేమోనని!

ఆపరేషన్‌లో కంట్లోకి గాలి బుడగ ఎక్కించారు. అది పొరను సరిగ్గా అదిమి పట్టాలంటే, డాక్టరు చెప్పేదాకా బోర్లానే పడుకోవాలి. తల ఎత్తకూడదు. ఇంట్లో వదిన రెండు బల్లలు దగ్గరగా జరిపి పరుపు వేసి, మధ్యలో ముఖం పట్టేంత సందు వదిలింది. ఆ సందులోంచి అన్నయ్య రోజంతా నేల చూస్తూ పడి ఉండేవాడు. చూపు వస్తుందో రాదో ముందే చెప్పలేమన్నారు. ఆ మాట ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. ఆ సందు కింద పీట మీద ఫోను పెట్టి వదిన మాట్లాడించేది. ఫోనులో ఆయన గొంతు బావిలోంచి వస్తున్నట్టుండేది.

సరిగ్గా అప్పుడే నాటకశాల కొత్త మేనేజరు దుకాణానికి వచ్చాడు. దీపం తగిలి తెర అంచు ఒక పక్క కాలిపోయిందట. వచ్చే వారం కొత్త నాటకం.

"అదే అంచు మళ్ళీ కుట్టి ఇవ్వాలమ్మా. మా దగ్గరికొచ్చే పిల్లలు దాన్ని కొంగల తెర అంటారు. నాటకం మొదలయ్యేదాకా అవే లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు."

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. "ఆ డిజైన్లు లేవండీ. చెరిపేయించాను."

"మళ్ళీ గీయలేరా?"

గీయబోయింది. చేయి మొరాయించింది. కాగితం మీదికి వచ్చింది కొంగ కాదు, జ్వరం వచ్చిన బాతు. రెండోది ఇంకా అన్యాయం. ఇన్నేళ్ళూ పేర్లే కుట్టిన చేతికి మెడ వంపు ఎక్కడ మొదలవుతుందో గుర్తులేదు. ఇక గుర్తు రాదేమో అనిపించింది.

చివరికి పక్క దుకాణం ఫోటోలాయన నాటకశాలకు వెళ్ళి, కాలకుండా మిగిలిన అంచును పెద్ద పెద్ద ఫోటోలు తీసుకొచ్చాడు. వాటిని చూస్తూ గీయొచ్చని ఆశ. ఆ ఫోటోలకు ఆమె కంప్యూటరులో చోటు చాలలేదు.

"అదేంటక్కా, అంత పెద్ద డిస్కు పెట్టుకుని చోటు లేదంటారు?" అన్నాడు ఫోటోలాయన, గుడ్డ మీది బరువును చూపించి.

"అది చెడిపోయింది తమ్ముడూ."

"చూస్తే పోయేదేముంది? దానికి సరిపోయే తీగ నా దగ్గరుంది."

తీగ తగిలించగానే డిస్కు మీద చిన్న దీపం వెలిగింది. చచ్చిపోయిందనుకున్నది కన్ను తెరిచినట్టయింది. విండోస్ వెంటనే తన ప్రశ్న బయటికి తీసింది. ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?

"చూశారా, ఖాళీ డిస్కే. చేయి అని నొక్కండి," అన్నాడు ఫోటోలాయన. ఆమె నొక్కింది. చిన్న కిటికీ తెరుచుకుంది. మొదలుపెట్టు అన్నది కూడా నొక్కింది. అప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, కానివ్వమంటారా?

ఆమె వేలు ఆగింది. ఎంత చెడిపోయినా అన్నయ్య ఇచ్చిన వస్తువు. ఒక్క మాట చెబితే పోలా? ఫోను అందుకుంది. అవతల వదిన ఫోనును పీట మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"అన్నయ్యా, నువ్వు నాకు బరువుకి ఇచ్చావే, ఆ చెడిపోయిన డిస్కు, దాన్ని ఫార్మాట్..."

"వద్దు!"

ఫోటోలాయన కిసుక్కున నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. "వినేశాంలే అన్నయ్యా. నీకు ఒంట్లో ఎలా ఉంది?"

"వద్దు! వద్దే!"

"మంగలి సబ్బు తుడవమంటారా అన్నా ఇదే అన్నాడు," అంది ఆమె ఫోటోలాయనతో. మళ్ళీ మౌసు మీద చేయి వేసింది.

ఫోనులోంచి ఏదో దొర్లిన చప్పుడు, "తల ఎత్తకండి! కన్ను!" అని వదిన కేక. ఆ వెంటనే అన్నయ్య గొంతు. ఇన్నేళ్ళలో ఆ గొంతు అంత చిన్నబోయి ఎవరూ వినలేదు.

"చెల్లీ... చేయి తియ్యి తల్లీ. నీ కొంగలు దాంట్లో ఉన్నాయి."

ఆమె మౌసు మీద నుంచి చేయి తీసేసింది. ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది, అది తనంతట తను వెళ్ళి నొక్కేస్తుందేమోనని. ఫోటోలాయన రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు.

"ఏం కనిపిస్తోంది తెర మీద?" అన్నాడు అన్నయ్య.

"అంతా చెరిగిపోతుంది, కానివ్వమంటారా అంటోంది."

"రద్దు అని ఉంటుంది. అది నొక్కు. అది తప్ప ఇంకేదీ ముట్టుకోకు."

ఆమె వేలు ఎంత వణికిందంటే, ఆ బాణం గుర్తు రద్దు దగ్గరికి వెళ్తూ వెళ్తూ రెండుసార్లు కానివ్వు మీదుగా ఊగింది. ఫోటోలాయన కళ్ళు మూసుకున్నాడు. నొక్కింది. ప్రశ్న మాయమైంది.

"పోయిందన్నయ్యా."

"ఏది పోయింది?!"

"ప్రశ్న! ప్రశ్న పోయింది!"

"కాస్త చూసుకుని మాట్లాడవే, నా ప్రాణం పోయింది."

"నీ దగ్గర ఇంకో కాపీ లేదా?"

"ఉండేది. అదున్న డిస్కు పోయిన నెల నిజంగానే చెడిపోయింది. కొత్తది చేద్దామనుకునేలోపు ఈ కన్ను వచ్చి పడింది. ఇప్పుడు లోకం మొత్తం మీద నీ కొంగలు అక్కడే ఉన్నాయి."

ఇన్నాళ్ళూ ఆ లోకం మీద టీ గ్లాసు పెట్టుకుని తాగిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది. అంతలో డిస్కు "టిక్... టిక్..." అనసాగింది.

"అదేంటన్నయ్యా ఆ చప్పుడు?"

"ఫోను దాని దగ్గర పెట్టు."

పెట్టింది. అక్కడ రెండు బల్లల మధ్య సందులో ముఖం పెట్టుకుని, ఒక కంటికి కట్టుతో, నేల చూస్తూ అన్నయ్య విన్నాడు. నాడి చూసే వైద్యుడిలా టిక్కులు లెక్కపెట్టాడు. టిక్కులు నెమ్మదించాయి. తర్వాత సన్నటి గిర్రుమనే మోత.

"ఊఁ. ఊపిరి తీస్తోంది," అన్నాడు. "దాన్ని కదపకు. కుదుపుకి తట్టుకోదు. ఇక్కడికి తెచ్చినా లాభం లేదు, నా కంప్యూటరు స్క్రూలు నా జేబులో ఉన్నాయి. నీ విండోస్‌లోనే తెరవాలి."

"దానికి లినక్స్ అర్థం కాదన్నావుగా!"

"అర్థం చేయించే చిన్న ప్రోగ్రాములుంటాయి. కొన్ని ఆ డిస్కు మీద రాస్తాయి కూడా, మనకవి వద్దు. నేను చెప్పేది చదవడం తప్ప రాయడం చేతకానిది. చూస్తుంది, చూసి చెబుతుంది. ముట్టుకోదు. నాలాంటిది."

ఫోటోలాయన ఆ ప్రోగ్రామును వెతికి దించాడు. దాన్ని కంప్యూటరులో పెట్టబోతే అసలు కష్టం మొదలైంది. పెట్టాలంటే ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

"మీ కంప్యూటరులో మార్పులు చేయడానికి దీన్ని అనుమతిస్తారా అంటోంది. అనుమతించనా?"

"వద్దు."

"మరెలా?"

"అది నేను కాదే, నా నోరు. నువ్వు నన్ను అడక్కు. చెప్పు."

"అనుమతిస్తున్నాను."

"అయ్యో."

"షరతులకి ఒప్పుకుంటున్నాను."

"అయ్యయ్యో."

"తర్వాత నొక్కుతున్నాను."

ఆ ప్రతి నొక్కుకూ అవతల ఎవరో గిల్లినట్టు మూలుగు వినిపించేది. "పళ్ళు కొరక్కండి," అంటోంది వదిన. "పిన్నీసు గుచ్చినట్టు అలా ఎగిరిపడకండి, బుడగ కదిలిపోతుంది."

"వాతావరణం చెప్పే ఇంకో ప్రోగ్రాము ఉచితంగా ఇస్తుందట. అది కూడా..."

"వద్దు!" అన్నారు అన్నయ్య, వదిన, ఫోటోలాయన ముగ్గురూ ఒకేసారి. ఆ వద్దు మాత్రం నిఖార్సైన వద్దు.

ప్రోగ్రాము తెరుచుకుంది. విండోస్ ఖాళీ అన్న డిస్కులో ఒక ఫోల్డరు కనిపించింది. దాని పేరు "చెల్లి కోపం."

ఆమె దాన్ని తెరిచింది. మెడ తిప్పి చూసే కొంగ. రెక్క కింద ముక్కు దూర్చుకున్న కొంగ. రెల్లుగడ్డి. నీళ్ళు. మందంతా అక్కడే ఉంది. ఎవరినీ చూసి ఎగిరిపోలేదు.

కుట్టు ఫైళ్ళు చిన్నవి. ఒక్క ఫోటో పట్టే చోట మొత్తం మంద దిగుతుంది. ఆమె వాటిని తన కంప్యూటరులోకి ఒక్కొక్కటే లాక్కుంటూ, దిగినదాని పేరు పైకి చదివి వినిపించింది. అన్నయ్య పేరు పేరుకీ "ఊఁ" కొట్టాడు. ఆఖరుది దిగాక ఫోటోలాయన జేబులోని పెన్‌డ్రైవులో ఇంకో కాపీ పెట్టించాడు. దాని తర్వాత గాని ఆమె అసలు మాట ఎత్తలేదు.

"నువ్వు ఆ రోజు సరే అన్నావు కదా."

"నువ్వు అడగలేదుగా? చెరిపేయి అన్నావు. అడిగుంటే వద్దనేవాణ్ణి."

"అడక్కపోయినా ఆ ఒక్కరోజు అనొచ్చుగా!"

"అంటే ఏం చేసేదానివి? కంప్యూటరు లాక్కుని ఇంటికి పోయి నువ్వే చెరిపేసేదానివి. నీ కోపం నాకు తెలియదా? సరే అంటే నాకు వదిలేసి పోతావు. అందుకని నీ కంప్యూటరుకి అర్థం కాని చోట పెట్టా."

"మరి మీ ఇంట్లో దాచుకోక, తెచ్చి నా బల్ల మీదే పెట్టావేం?"

"కొంగలు నీవి కదే," అన్నాడు అన్నయ్య, అందులో వింతేముందన్నట్టు.

ఆమె ముక్కు ఎగబీల్చింది. అవతల కూడా ఎవరో ఎగబీల్చారు. "ఏడవకండి!" అని వదిన గద్దించింది. "మీరు బోర్లా ఉన్నారు, ఫోను తడుస్తుంది."

నాటకం మొదలయ్యేలోపు అంచు కుట్టడం పూర్తయింది. నమూనాకు ముందు కుట్టిన చిన్న గుడ్డముక్క ఆమె దగ్గర మిగిలింది.

కొన్ని వారాలకు కంట్లో బుడగ కరిగిపోయింది. కట్టు విప్పే రోజున ఆసుపత్రి గదిలో వదిన చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. బుడగ ఉన్నన్నాళ్ళూ, మందు వేయడానికి కట్టు తీసినప్పుడల్లా, ఆ కంటికి వెలుతురు తప్ప ఏమీ ఆనలేదు. డాక్టరు రెండో కన్ను మూసి, అన్నయ్య ముఖంలోకి వంగి, నోరు తెరిచాడు.

"అడక్కండి!" అన్నారు వదినా చెల్లెలూ ఒక్క గొంతుతో. కనబడుతోందా అంటే ఆయన వద్దంటాడు. ఆ మాట వినే ధైర్యం ఆ రోజు వాళ్ళిద్దరికీ లేదు.

చెల్లెలు సంచిలోంచి గుడ్డముక్క తీసి, ఏమీ అడక్కుండా, ఏమీ చెప్పకుండా, ఆయన ఎదుట విప్పి పట్టుకుంది.

అన్నయ్య చూశాడు. కన్ను చికిలించాడు. తల ఇటు వంచాడు, అటు వంచాడు. మొహంలో ఏ భావమూ లేదు. డాక్టరు తన పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండిపోయాడు.

"ఏమే," అన్నాడు చివరికి, "ఈ చివరి కొంగకి ఒక్క కాలే ఉందేం?"

వదిన అక్కడికక్కడే నేల మీద కూలబడి, నవ్వుతూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఒంటికాలి మీద నిలబడింది అన్నయ్యా," అంది చెల్లెలు. "నీకు బాగాలేదనిపిస్తే, ఆ రెండో కాలు కూడా కుట్టేయమంటావా?"

అన్నయ్య ప్రశ్న చివరిదాకా విన్నాడు. విన్నాక కూడా కాసేపు కొంగ వంకే చూశాడు.

"వద్దు," అన్నాడు.